ఎలుగ్గొడ్డు వెంట్రుక

పోయిన నెల ఒక సాయంత్రం ఆరేళ్ళ పిల్లాణ్ణి వెంటబెట్టుకుని వాళ్ళ అవ్వ బెంగుళూరులో మా క్లినిక్‌కి వచ్చింది. వాళ్ళది మదనపల్లి పక్కన పల్లె. కొడుకూ కోడలూ ఈ ఊళ్ళో ఉద్యోగాలు చేస్తుంటే మనవణ్ణి చూసుకోడానికి ఆమె ఇక్కడే ఉంటోంది. పిల్లాడికి కింద దవడపన్ను పుచ్చింది, రెండు రోజులుగా అన్నం తినడం లేదు. కుర్చీ ఎక్కమంటే ఎక్కడు. ఎక్కించి లైటు వేస్తే రెండు చేతులతో నోరు మూసుకున్నాడు.

"నీకు భయమేందిరా నాయనా, మెళ్ళో అంత్రం ఉండాది గదా" అంది అవ్వ.

చొక్కా లోపలి నుంచి నల్లతాడు బయటికి తీసి చూపించింది. దానికి వెండి తాయెత్తు. పాతది, ఒక పక్క సొట్టపోయింది. మూత సరిగ్గా బిగియక లోపలి నుంచి ఒక్క వెంట్రుక బయటికి పొడుచుకొచ్చి ఉంది. నల్లగా, చీపురుపుల్లంత బిరుసుగా.

"ఎలుగ్గొడ్డు వెంట్రుకమ్మా. వీళ్ళ నాయన చిన్నప్పుడు కట్టించింది. అప్పుడు ఊళ్ళమ్మట వచ్చేవాళ్ళు గదా. ఇప్పుడు యాడ దొరుకుతాది."

నాకూ అలాంటిదే ఉండేది.

మా ఊరు అనంతపురం జిల్లాలో రాయదుర్గం వైపు. కర్ణాటక సరిహద్దు దగ్గర. చుట్టూ బండరాళ్ళ గుట్టలు. ఆ గుట్టల్లో ఎలుగులుండేవి, ఇప్పటికీ ఉన్నాయి. మాకు వాయవ్యంగా బళ్ళారి జిల్లా దరోజీలో 1994లో వాటికోసమే ఒక అభయారణ్యం పెట్టారు. అయితే నేను మొట్టమొదట చూసిన ఎలుగుబంటి గుట్ట మీద కనిపించింది కాదు. మా వాకిట్లో, మూతికి తాడుతో నిలబడి ఉన్నది.

1981. నాకు ఐదేళ్ళు. ఆ ఏడాది మా చిన్నాయన కొడుకు దిగుడుబావిలో పడ్డాడు. ఈత వచ్చినవాళ్ళు దూకి జుట్టుపట్టుకుని లాగారు, బతికాడు. కానీ వాణ్ణి తలకిందులుగా పట్టుకుని నీళ్ళు కక్కిస్తుంటే నేను మెట్ల మీద నిలబడి చూశాను. ఆ రాత్రి నుంచి నిద్రలో లేచి కేకలు పెట్టేదాన్నట. ఒళ్ళు కాలిపోయేదట. జడుపు జ్వరం అన్నారు. అవ్వ దిష్టి తీసింది, ఆంజనేయస్వామి గుడి నుంచి సిందూరం తెచ్చి పెట్టింది, పీర్ల చావిడి దగ్గర ఊదించుకొచ్చింది. ఏదీ పనిచేయలేదు. చెనక్కాయ పీకడం అయిపోయి ఇళ్ళలో నాలుగు గింజలు ఉండే రోజుల్లో డమరు చప్పుడు వినిపించింది. "ఎలుగ్గొడ్డు వచ్చినాది" అని పిల్లలంతా పరుగు. అవ్వ మాత్రం నా చెయ్యి పట్టుకుని అరుగు దిగింది.

ఆయన్ని మా ఊళ్ళో ఎలుగుబంటి సాయబు అనేవాళ్ళు. అసలు పేరు ఎవరూ అడిగినట్టు లేదు. సన్నటి మనిషి, గళ్ళ లుంగీ, భుజాన జోలె. ఒక చేతిలో డమరు, ఇంకో చేతిలో కర్రా తాడూ కలిపి. తాడు ఎలుగు మూతి పైభాగం దగ్గర చర్మంలోకి దూరిపోయి ఉంది. "రాజూ, అమ్మగారికి సలాం చెయ్" అంటే అది వెనక కాళ్ళ మీద లేచి ముందు కాలు నుదుటికి తాకించేది. "అత్తారింటికి పోయే కొత్తకోడలు ఎట్లా పోతాది?" అంటే తల వంచుకుని అటూ ఇటూ ఊగుతూ నడిచేది. ఆడవాళ్ళు కొంగులు నోటికడ్డం పెట్టుకుని నవ్వేవాళ్ళు.

ఆట అయ్యాక అవ్వ అడిగింది. సాయబు నన్నెత్తి దాని వీపు మీద కూచోబెట్టాడు. తడిసిన గోనెసంచి వాసన. పొడుగాటి వెంట్రుకలు తొడలకి గుచ్చుకున్నాయి. నేను ఏడవలేదట, రెండు చేతులా జూలు పట్టుకుని బిగుసుకుపోయానట. వేపచెట్టు చుట్టూ మూడుసార్లు తిప్పాడు. తర్వాత దాని భుజం మీద నుంచి నాలుగు వెంట్రుకలు ఒక్క లాగు లాగాడు. అది తల తిప్పను కూడా తిప్పలేదు. అవ్వ రెండు సేర్లు జొన్నలు జోలెలో పోసి, పైన ఒక చేటెడు చెనక్కాయలు వేసింది. ఆచారి దగ్గర వెండి గొట్టం చేయించి, వెంట్రుకలు అందులో పెట్టి నా మెళ్ళో కట్టింది.

నా జడుపు పోయింది. అది కాదని నేను చెప్పలేను. వారం తిరక్కుండా రాత్రిళ్ళు మామూలుగా నిద్రపోయానని అమ్మ ఇప్పటికీ చెబుతుంది. అంత పెద్ద జంతువు మీద కూచుని దిగాక ఐదేళ్ళ పిల్లకి బావి చిన్నదై ఉంటుంది.

ఇంకొకటి కూడా గుర్తుంది. ఆ మధ్యాహ్నం అవ్వ సాయబుకి రాగిసంగటి పెట్టింది. ఆయన ముద్ద రెండుగా విరిచి పెద్ద ముక్క ముందు ఎలుగుకి పెట్టాడు. తర్వాత వేపచెట్టు కింద దాని కడుపు మీద తల ఆనించుకుని నిద్రపోయాడు. కన్నకొడుకును చూసుకున్నట్టు చూసుకుంటాడని మా ఊళ్ళో చెప్పుకునేవాళ్ళు. చాలా ఏళ్ళు నేనూ అట్లాగే అనుకున్నాను.

పళ్ళ డాక్టరు చదువు చదివి, ప్రాక్టీసు పెట్టి, నాకో కూతురు పుట్టి, ఆ కూతురు ఆరో తరగతికి వచ్చి స్కూల్లో అడవి జంతువుల ప్రాజెక్టు ఇచ్చేదాకా నేను ఎలుగుబంటి గురించి చదవలేదు. దాని పుర్రె బొమ్మ చూస్తూ కూచుని పళ్ళు లెక్కపెట్టాను. వృత్తి అలవాటు. మిగతా జాతి ఎలుగులకి 42 పళ్ళు. మన ఎలుగుకి 40. పై వరసలో నడిమధ్య ఉండాల్సిన రెండు ముందుపళ్ళు ఉండవు. పుట్టుకతోనే రావు. ఆ ఖాళీలోంచే అది చెదపురుగుల్ని పీల్చుకుంటుంది. పొడుగాటి గోళ్ళతో పుట్ట తవ్వి, మట్టి ఉఫ్‌మని ఊది, ముక్కుపుటాలు మూసుకుని, పెదవులు గొట్టంలా చాపి, వాక్యూమ్ క్లీనర్ లాగినట్టు లాగుతుంది. ఆ చప్పుడు అడవిలో వంద మీటర్ల దూరానికి కూడా వినిపిస్తుందట. 1791లో దానికి శాస్త్రీయ నామం పెట్టిన ఇంగ్లండు శాస్త్రవేత్త జార్జ్ షా ఆ గోళ్ళూ ఆ పళ్ళ ఖాళీ చూసి అసలిది ఎలుగే కాదనుకున్నాడు. దక్షిణ అమెరికాలో చెట్లకి వేలాడే స్లాత్ అనే జంతువుకి చుట్టం అనుకుని ఆ పేరే పెట్టాడు. పొరపాటు దిద్దుకున్నారు గానీ ఇంగ్లీషువాళ్ళ నోట స్లాత్ బేర్ అన్న పేరు మిగిలిపోయింది.

అదే ప్రాజెక్టు కోసం చదువుతుంటే తెలిసిన ఇంకో సంగతి దగ్గర నేను పుస్తకం పక్కన పెట్టేశాను. మన ఎలుగు తల్లి పిల్లల్ని వీపు మీద మోస్తుంది. మిగతా ఎలుగు జాతులకి ఈ అలవాటు దాదాపుగా లేదు. చలికాలంలో గుహలో ఒకటో రెండో పిల్లల్ని కంటుంది. రెండు మూడు నెలలకి అవి బయటికి వచ్చేటప్పుడు తల్లి వీపు ఎక్కుతాయి. భుజాల దగ్గర పొడుగాటి జూలు ఉంటుంది చూడండి, అది పట్టుకుని వేలాడతాయి. పులి ఎదురైనా తల్లి వాటిని వీపు మీదే ఉంచుకుని నిలబడుతుంది. తొమ్మిది నెలలు వచ్చేదాకా వాటి ఇల్లు ఆ వీపే.

నేను పట్టుకున్నది కూడా ఆ జూలే.

ఆడించే ఎలుగుల్ని ఎవరూ పుట్టించి పెంచలేదు. అన్నీ అడవిలోంచి తెచ్చినవే. తల్లి తిండికి వెళ్ళినప్పుడు గుహలోంచి పిల్లల్ని ఎత్తుకొచ్చేవాళ్ళు, తల్లి ఉంటే దాన్ని చంపి తెచ్చేవాళ్ళు. కళ్ళు అప్పుడే తెరిచిన పిల్లల్ని సంతల్లో చేతులు మార్చేవాళ్ళు. దారిలో చచ్చిపోయినవి చాలా. బతికినవాటికి ఆరు నెలలు తిరక్కుండా ఎర్రగా కాల్చిన ఇనప సూదితో మూతి పొడిచేవాళ్ళు. మత్తు లేదు, మందు లేదు. ఆ రంధ్రంలోంచి తాడు దూర్చేవాళ్ళు. ఏడాది వయసుకి కోరపళ్ళు సుత్తితోనో ఇనప కడ్డీతోనో విరగ్గొట్టేవాళ్ళు. గోళ్ళు కత్తిరించేవాళ్ళు.

ఇది చాలామంది రాశారు. నేను రాయాలనుకున్నది అందరికీ తెలియని ఒక చిన్న సంగతి. మనిషికైనా ఎలుగుకైనా కంటి కింద ఎముకలో ఒక చిన్న రంధ్రం ఉంటుంది. అందులోంచి ఒక నరం బయటికి వచ్చి ముక్కుకి, పై పెదవికి పాయలుగా పాకుతుంది. పై ముందుపళ్ళకి పని చేయాల్సి వచ్చినప్పుడు నేను మత్తు ఇంజక్షను ఇచ్చేది ఆ చోటే. ఇవ్వకపోతే ఏమవుతుందో నాకు తెలుసు. ఒక్కోసారి మత్తు సరిగ్గా ఎక్కనప్పుడు పేషెంటు కుర్చీలోంచి ఎగిరిపడతాడు, నేను క్షమాపణ చెప్పుకుని ఇంకో డోసు ఇస్తాను. ఎలుగు మూతి చాలా సున్నితం. అది ప్రపంచాన్ని తెలుసుకునేదే దాంతో. తాడు ఉన్నది సరిగ్గా అక్కడ. తాడు కదిలినన్నాళ్ళూ ఆ పుండు మానదు.

కోరపన్ను సంగతీ అంతే. చిగురు దగ్గరికి విరిగితే లోపలి నరం బయటపడుతుంది. మొదట చల్లగాలి తగిలినా ప్రాణం పోతుంది. కొన్నాళ్ళకి నరం చచ్చిపోతుంది, నొప్పి తగ్గినట్టు ఉంటుంది. ఆ తర్వాత వేరు కొసన చీము పట్టి ఎముకను తింటుంది. మనుషులైతే రాత్రి పదింటికి ఫోన్ చేసి "డాక్టరమ్మా, తట్టుకోలేను" అంటారు. ఆగ్రా దగ్గరి సంరక్షణ కేంద్రానికి కాపాడి తెచ్చిన ఎలుగులకి నోరు తెరిచి చూస్తే విరిగిన వేర్లు చిగుళ్ళలో అట్లాగే కుళ్ళుతూ కనిపించాయి. వాటిని తియ్యడానికి పశువైద్యులు గంటల తరబడి ఆపరేషన్లు చేశారు.

ఇప్పుడు ఆ ఆట ఏమిటో అర్థమవుతుంది. కర్ర పైకెత్తి తాడు లాగితే మూతిలో నొప్పి. నొప్పి తగ్గాలంటే తాడు వెంట పైకి లేవాలి, అందుకే రెండు కాళ్ళ మీద నిలబడేది. కర్ర కాలి దగ్గరికి వస్తే కాలు ఎత్తాలి. రెండో కాలి దగ్గరికి వస్తే రెండోది ఎత్తాలి. కొత్తకోడలి నడకని మేము నవ్వింది అదే.

మనకి ఎలుగంటే ఎవరో తెలియక కాదు. ఏటా వినాయక చవితికి అక్షింతలు చేత్తో పట్టుకుని వింటాం. సింహాన్ని చంపి శమంతకమణి తెచ్చిన జాంబవంతుడు దాన్ని తన బిడ్డ ఊయలకి కడతాడు, ఆడుకోడానికి. కృష్ణుడు జాడ పట్టుకుని గుహలోకి వెళ్ళేసరికి ఊయల ఊగుతూ ఉంటుంది. ఇరవై ఎనిమిది రోజులు మల్లయుద్ధం చేసి, ఎదురుగా ఉన్నది రాముడేనని గుర్తుపట్టి, మణినీ కూతురు జాంబవతినీ అప్పగిస్తాడు. ఎలుగు గుహ అంటే పసిబిడ్డ నిద్రపోయే చోటు అని మన కథకి తెలుసు. మా అవ్వ ఆ కథ పుస్తకం చూడకుండా చెప్పేది. అదే అవ్వ సాయబు జోలెలో జొన్నలు పోసింది. ఆమె మనసులో ఈ రెండూ ఎప్పుడూ ఒకదానికొకటి ఎదురుపడలేదు. వేరే చోట్ల జనానికీ అంతే.

ఇంగ్లండులో 1575లో ఎలిజబెత్ రాణి కెనిల్‌వర్త్ కోటకి వచ్చినప్పుడు ఆమె వినోదానికి 13 ఎలుగుల్ని తెచ్చి వాటి మీదికి కుక్కల్ని వదిలారు. ఎలుగుని గుంజకి కట్టేసి వేటకుక్కలతో కరిపించడం అప్పుడు లండనులో వారం వారం జరిగే ఆట. థేమ్స్ నది దక్షిణపు ఒడ్డున దానికోసమే చుట్టూ అరుగులతో కట్టిన ఆటస్థలాలు ఉండేవి. 1583 జనవరిలో ఒక ఆదివారం అలాంటి చోట జనం కూచున్న కట్టడం కూలి కొందరు చచ్చిపోయారు. దేవుడు శిక్షించాడని మతగురువులు గొంతెత్తారు. ఎందుకు శిక్షించాడంటే ఆదివారం పూట ఆటలు చూసినందుకట. గుంజకి కట్టేసిన జంతువు ఆ ప్రసంగాల్లోకి రాలేదు. ఆ ఆటని చట్టం పూర్తిగా ఆపింది 1835లో. కెనిల్‌వర్త్ నుంచి లెక్కేస్తే 260 ఏళ్ళు.

స్విట్జర్లాండులో బెర్న్ నగరం జెండా మీదే ఎలుగు ఉంటుంది. 1513 నుంచి ఆ ఊరు ఎలుగుల్ని ఉంచుకుంటోంది, అదీ గోతుల్లో. జనం పైనుంచి క్యారెట్లు విసిరేవాళ్ళు. అంత అభిమానించే ఊరు కూడా గోతులు వదిలేసి ఎలుగులకి నది ఒడ్డున చెట్ల మధ్య చోటు ఇచ్చింది 2009లో. బల్గేరియాలో ముక్కుకి రింగు వేసి ఫిడేలు పాటకి ఆడించే ఎలుగులు 2007 దాకా ఉన్నాయి. కొండల్లో బెలిత్సా అనే చోట 2000లో వాటికోసం ఒక ఉద్యానం కట్టి ఒక్కొక్కదాన్నీ తెచ్చి చేర్చారు.

మన దగ్గర ఆడించినవాళ్ళు కలందర్లు. సూఫీ ఫకీర్లలో కలందర్ల పేరు మీద వచ్చిన సంచార ముస్లింలు. మొఘలు పాదుషాల ముందు మా తాతలు ఆడించారని చెప్పుకునేవాళ్ళు. దర్బార్లు పోయాయి, జమీందార్లు పోయారు, మిగిలింది ఊరి వాకిళ్ళు. భూమి లేదు, చదువు లేదు, ఒకచోట నిలకడ లేదు. చేతిలో ఉన్నది తాడు, తాడు అవతల ఎలుగు. ఒకే గుడిసెలో పడుకునేవాళ్ళు. కాపాడిన ఎలుగులకి పరీక్షలు చేస్తే వాటిలో చాలావాటికి క్షయ ఉందని తేలింది. అదే గాలి, అదే దగ్గు.

చట్టం ముందే ఉంది. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చాక అడవిలోంచి ఎలుగు పిల్లని తేవడం నేరం. నేను రాజు వీపెక్కేసరికి ఆ చట్టానికి తొమ్మిదేళ్ళు. మా ఊరికి ఆ కబురే రాలేదు. 1998 అక్టోబరులో కేంద్రం ఎలుగులు, కోతులు, పులులు, చిరుతలు, సింహాలు వీటిని ఆటలకి వాడకూడదని నోటిఫికేషను ఇచ్చింది. సర్కస్ యజమానులు కోర్టుకి వెళ్ళారు. 2000లో కేరళ హైకోర్టు వాళ్ళ వాదన కొట్టేస్తూ హక్కులు మనుషుల సొత్తు మాత్రమే ఎందుకు కావాలని అడిగింది. 2001లో సుప్రీంకోర్టు దాన్నే నిలబెట్టింది. సర్కసుల నుంచి తెచ్చిన సింహాలూ పులులూ మన తిరుపతిలో, విశాఖలో జూల పక్కన కేంద్రాల్లో ముసలివై కన్నుమూశాయి.

కాగితం మీద నిషేధం వస్తే వాకిట్లో డమరు ఆగదు. పోలీసులు పట్టుకుంటే ఎలుగుని ఎక్కడ పెట్టాలి? సాయబు ఇంట్లో పొయ్యి ఎట్లా వెలగాలి? ఈ రెండు ప్రశ్నలకీ కలిపి జవాబు వెతికినవాళ్ళు కార్తీక్ సత్యనారాయణ్, గీతా శేషమణి. వాళ్ళు 1995లో మొదలుపెట్టిన వైల్డ్‌లైఫ్ ఎస్‌ఓఎస్ అనే సంస్థ, ఉత్తరప్రదేశ్ అటవీశాఖతో కలిసి ఆగ్రా దగ్గర సూర్ సరోవర్‌లో ఎలుగుల కోసం చోటు కట్టింది. మొదటి ఎలుగు అక్కడికి వచ్చింది 2002 డిసెంబరులో. దాని పేరు రాణి. ఎలుగుని అప్పగించిన ప్రతి కలందరుకీ వేరే పని మొదలుపెట్టుకోడానికి డబ్బు ఇచ్చారు. ఆటో కొనుక్కున్నారు కొందరు, చిన్న అంగడి పెట్టుకున్నారు కొందరు. ఆడవాళ్ళు కుట్టుపనీ ఎంబ్రాయిడరీ నేర్చుకున్నారు. పిల్లల్ని బడిలో వేశారు. మళ్ళీ ఎలుగుని పట్టుకోనని రాసిచ్చినవాళ్ళలో ఎక్కువమంది ఆ మాట నిలబెట్టుకున్నారు.

ఏడేళ్ళు పట్టింది. మొత్తం 628 ఎలుగులు. ఆఖరుది 2009 డిసెంబరులో కర్ణాటకలో దొరికింది. బెంగుళూరు దగ్గరి బన్నేరుఘట్ట కేంద్రానికి తెచ్చి దాని తాడు కోశారు. దాని పేరు రాజు.

మా రాజు కాదు. మా రాజు 1981లోనే పెద్దది, అంత కాలం బతికి ఉండదు. కానీ ఆ పేరు చదివినప్పుడు నాకు గోనెసంచి వాసన వచ్చింది.

నేపాల్‌లో ఇంకా రెండు మిగిలాయి. 2017 డిసెంబరులో వాటినీ విడిపించారు. ఒకదాని పేరు రంగీలా, ఇంకోదాని పేరు శ్రీదేవి. మన శ్రీదేవి పేరు పెట్టుకున్న ఆ ఆడ ఎలుగు విడుదలైన కొన్నాళ్ళకే అక్కడి జూలో చచ్చిపోయింది. రంగీలా ఒక్కటే మరుసటి ఏడాది ఆగ్రా చేరింది.

ప్రాజెక్టు అయ్యాక కూతురు పట్టుబడితే బన్నేరుఘట్ట వెళ్ళాం. మా ఇంటి నుంచి గంటన్నర. ఎలుగుల సఫారీలో బస్సు మెల్లగా పోతుంటే చెట్ల కింద నల్లటి మూటల్లా కనిపించాయి. డ్రైవరు చెప్పాడు, ఇందులో చాలా వరకు ఆడించినవాళ్ళ దగ్గర నుంచి వచ్చినవే, ఉదయం సాయంత్రం రాగి జావ పోస్తాం, పుచ్చకాయలు పెడతాం, దుంగలకి తేనె పూస్తామని. అడవిలోకి ఎందుకు వదలరని మా అమ్మాయి అడిగింది. దానికి నేనే చెప్పాను. కోరలు లేవు. తల్లి నేర్పాల్సింది నేర్పకముందే తెచ్చేశారు. క్షయ ఉంటే అడవి ఎలుగులకి అంటుకుంటుంది.

ఒకటి బస్సుకి దగ్గరగా ఉంది. ముసలిది. మూతి పైన తాడు ఉన్న చోట వెంట్రుకలు మొలవని మచ్చ. అది ముందు రెండు కాళ్ళూ నేలకి ఆన్చి తల కుడికీ ఎడమకీ ఊపుతోంది. ఆగకుండా, ఒకే లెక్కన. "అమ్మా, అది డాన్స్ చేస్తోంది" అని వెనక సీట్లో ఎవరి పిల్లో అంది. తాడు తీసేశాక కూడా కొన్ని ఎలుగులు ఏళ్ళ తరబడి అట్లా ఊగుతూనే ఉంటాయి. మా అమ్మాయికి తెలుసు, చదివింది. అది ఏమీ అనకుండా నా చెయ్యి పట్టుకుంది.

ఇంటికొచ్చి అమ్మకి ఫోన్ చేశాను. నా తాయెత్తు ఏమైందని అడిగాను. బీరువాలో నా చిన్నప్పటి మొలతాడుతో పాటు ఉందంది. మా అవ్వ పోయి ఇరవై ఏళ్ళు దాటింది. సాయబు మీద నాకు కోపం లేదా అని చాలాసార్లు చూసుకున్నాను. ఆ సూది పొడిచిన చేతి మీద ఉంది. సంగటి ముద్దలో పెద్ద సగం పెట్టిన చేతి మీద రావడం లేదు, రెండూ ఒకటే చెయ్యి అయినా. నన్ను నిద్ర పోనివ్వనిది జొన్నల లెక్క. రెండు సేర్ల జొన్నలు, చేటెడు చెనక్కాయలు. ఊరికి పది ఇళ్ళు ఆ మాత్రం పోస్తే, తాలూకాకి వంద ఊళ్ళు పోస్తే, ఒక గుహలోంచి ఒక పిల్లని తేవడం గిట్టుబాటు అయ్యింది. అవి నా కోసం పోసిన జొన్నలు. అవ్వ ప్రేమతోనే పోసింది. నేను ఒక తల్లి వీపు మీద నుంచి దించిన పిల్ల వీపు ఎక్కి నా భయం పోగొట్టుకున్నాను.

అమ్మతో ఇదంతా అన్నాను. ఆమె కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత "మాకు తెలీదు కదమ్మా" అంది. నిజమే. తాడు కనపడుతూనే ఉండేది, కానీ ఎద్దు ముక్కుకీ తాడుంటుంది, మా కళ్ళకి అది అలవాటైన తాడు.

ఆ రోజు క్లినిక్‌లో మదనపల్లి అవ్వకి ఇవేవీ చెప్పలేదు. చెప్పాల్సిందేమో. ఆమె పాత తాయెత్తు మూత బిగించి మనవడి చొక్కాలో పెట్టేసింది. పిల్లాడు ఇంకా నోటికి చేతులు అడ్డం పెట్టుకునే ఉన్నాడు. ఏదో ఒకటి మాట్లాడించాలి కదా, "ఎలుగ్గొడ్డుకి ఎన్ని పళ్ళో తెలుసా?" అని అడిగాను.

తల అడ్డంగా ఊపాడు.

"నలభై. కానీ ఇక్కడ పైన ముందు రెండు ఉండవు."

వాడు చేతులు కొంచెం కిందికి దించాడు. ఆరేళ్ళ పిల్లాడు కదా, పాలపళ్ళు ఊడి పై వరసలో సరిగ్గా ఆ రెండే లేవు. నాలుకతో తడుముకున్నాడు.

"ఎందుకు లేవు?"

"చెదపురుగుల్ని పీల్చుకుని తినడానికి."

"ఎట్లా?"

చూపించాను. మాస్కు కిందికి లాగి, పెదవులు చాపి, గాలి గట్టిగా లోపలికి పీల్చాను. వాడూ పీల్చాడు. ఆ ఖాళీలోంచి ఈల లాంటి చప్పుడు వచ్చింది. మళ్ళీ పీల్చాడు. వాళ్ళ అవ్వ నవ్వింది. ఇంకోసారి నోరు పెద్దగా తెరిచి పీలుస్తుంటే నేను అద్దం లోపలికి పెట్టి పుచ్చిన పన్ను చూశాను. నరం దాకా పోలేదు. సీసాలోంచి జెల్లీ తీసి చిగురు మీద రాసి, తిమ్మిరి ఎక్కేదాకా ఐదు నిమిషాలు కాదు, పది నిమిషాలు ఆగాను.